దిక్కు తెలిసి చదవాల్సిన గణితం: ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో బహుచర కలనం

ఇంటర్‌లో అవకలనం, సమాకలనం చక్కగా నేర్చుకొని ఇంజనీరింగ్‌లో చేరినవారికి, మొదటి సంవత్సరం గణితంలో పాక్షిక అవకలజాలు మొదలైనప్పుడు పెద్దగా భయం వేయదు. వైని స్థిరాంకంగా తీసుకొని ఎక్స్ దృష్ట్యా అవకలనం చేయమంటే చేస్తారు, సమాధానం కూడా సరిగానే వస్తుంది. అలా వచ్చిన సంఖ్య దేనిని కొలుస్తోందని అడిగినప్పుడే తరగతి మొత్తం నిశ్శబ్దమవుతుంది. ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతున్న నాకు ఆ నిశ్శబ్దం బాగా పరిచయం. ఒక చరరాశి గణితానికి మరో చరరాశిని తగిలిస్తే బహుచర కలనం తయారవుతుందని అనుకోవడం వల్లనే ఈ పరిస్థితి వస్తుందని నా అభిప్రాయం.

సంఖ్యారేఖ మీద ఒక బిందువును చేరడానికి ఎడమ నుంచి, కుడి నుంచి అని రెండే దారులున్నాయి. తలం మీది బిందువును చేరే దారులకు లెక్కే లేదు. తిన్నగా రావచ్చు, వంపు తిరిగి రావచ్చు, సుడులు తిరుగుతూ కూడా రావచ్చు. ఈ పాఠ్యభాగంలో కొత్తగా ఎదురయ్యే అవధి సమస్యలు, గ్రేడియంట్, గరిష్ఠమూ కనిష్ఠమూ కాని బిందువులు, సమాకలన క్రమాన్ని మార్చడం వంటివన్నీ ఈ దిక్కుల స్వేచ్ఛలోంచి పుట్టినవే. దిక్కు తోచకపోవడం అనే మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కాబట్టి ప్రతి నిర్వచనం దగ్గరా ఒక్క క్షణం ఆగి, ఇది ఏ దిక్కున చూసి చెబుతున్న మాట, ఎన్ని దిక్కులను పరీక్షించి చెబుతున్న మాట అని ప్రశ్నించుకోవడం అలవాటు చేసుకోవాలి. ఆ అలవాటును ఏ క్రమంలో, ఏ ఉదాహరణలతో పెంచుకోవచ్చో వివరిస్తాను.

లేని చరరాశికి పూర్తి స్వేచ్ఛ

మొదటి వారం సూత్రాల జోలికి పోకుండా ఉపరితలాలను పోల్చుకోవడానికి కేటాయించండి. మెక్సికోలో పనిచేసిన మరియా ట్రిగెరోస్, ప్యూర్టో రికోలో పనిచేసిన రఫాయెల్ మార్టినెజ్-ప్లానెల్ అనే ఇద్దరు పరిశోధకులు, రెండు చరరాశుల ప్రమేయాలు విద్యార్థులకు ఎలా అర్థమవుతాయన్న విషయాన్ని చాలా కాలం పరిశీలించారు. ఒక ఉపరితలాన్ని ఎక్స్ = 1 వంటి తలంతో కోసినప్పుడు ఏ ఆకారం వస్తుందో ఊహించే దగ్గరే విద్యార్థులు తడబడుతున్నారన్నది వారి పరిశీలనల్లో ముఖ్యమైనది. నేను తరగతిలో చూసినది కూడా అదే.

మీ స్థితి ఏమిటో తెలుసుకోవడానికి జెడ్ = ఎక్స్² అనే సమీకరణాన్ని త్రిపరిమాణంలో గీసి చూడండి. చాలామంది ఒక పరావలయం గీసి పని పూర్తయిందనుకుంటారు. సమీకరణంలో వై కనిపించలేదు కనుక దాని విలువ సున్నా అని వారు తమకు తెలియకుండానే తీర్మానించుకుంటారు. వై కనిపించలేదంటే నిజానికి దాని మీద ఏ ఆంక్షా లేదని అర్థం. అందువల్ల ఆ పరావలయం వై అక్షం వెంబడి రెండు వైపులా అంతులేకుండా జరుగుతూ పోయి పొడవాటి దోనె ఆకారం ఏర్పడుతుంది. జెడ్ = సైన్ ఎక్స్ ఎలా ఉంటుందో తెలియాలంటే పుస్తకం కూడా అక్కర్లేదు, సిమెంటు రేకుల కప్పు చూస్తే చాలు. రేకును అడ్డంగా కోస్తే అల, పొడవునా కోస్తే తిన్నని గీత వస్తాయి.

ఇది కుదిరాక జెడ్ = ఎక్స్² + వై², జెడ్ = ఎక్స్² − వై² అనే రెండింటినీ తీసుకొని, ఎక్స్ కు 0, 1, 2 విలువలిచ్చి మూడు కోతలు, వైకి అవే విలువలిచ్చి మూడు కోతలు, జెడ్ కు కొన్ని విలువలిచ్చి మరికొన్ని కోతలు వేర్వేరు బొమ్మలుగా గీయండి. ఎక్స్ = 1 అన్నప్పుడు మొదటి ఉపరితలం మీద వచ్చేది జెడ్ = 1 + వై² అనే పరావలయం; అది వై, జెడ్ అక్షాలకు సమాంతరంగా, మూలబిందువుకు ఒక ప్రమాణం దూరంలో నిలబెట్టిన తలంలో ఉంటుంది. దానిని ఎక్స్, వై కాగితం మీద గీసేవారు ఎంతమందో చెప్పలేను. బంకమట్టితో చిన్న గుట్ట చేసి దారంతో కోసి చూడటం పిల్లల ఆటలా అనిపించవచ్చు గానీ, పది నిమిషాల ఆ ఆట ఒక గంట ఉపన్యాసం కంటే ఎక్కువ ఉపయోగపడటం నేను చూశాను.

జియోజీబ్రా వంటి ఉచిత సాధనాలు ఇప్పుడు ఫోన్‌లోనే ఉన్నాయి. వాటిని వాడుకోండి, కానీ ముందు చేత్తో గీసి, ఆ తర్వాతే తెర మీద సరిచూసుకోండి. తెర మీది బొమ్మను వేలితో అటూ ఇటూ తిప్పుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, తెర ఆపేసి కాగితం తీస్తే చేయి కదలదు. మీ ఊహకూ తెర మీది బొమ్మకూ ఎక్కడ తేడా వచ్చిందో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకుంటే, ఆ వాక్యాల నోటుపుస్తకం పరీక్షకు ముందు ఏ ప్రశ్నల నిధి కన్నా ఎక్కువగా పనికొస్తుంది.

60 × 40 స్థలం

పాక్షిక అవకలజానికి నేను మొదట చెప్పే ఉదాహరణ ఇంటి స్థలం. 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఉన్న స్థలం 2,400 చదరపు అడుగులు, అంటే 266 గజాలకు కొంచెం పైన. పొడవును మాత్రమే ఒక అడుగు పెంచితే కొత్తగా కలిసేది 40 అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న పట్టీ. అందుకే పొడవు దృష్ట్యా వైశాల్యపు పాక్షిక అవకలజం స్థలం వెడల్పుకు సమానం. వెడల్పును ఒక అడుగు పెంచితే 60 చదరపు అడుగుల పట్టీ కలుస్తుంది. రెండింటినీ పెంచితే 61ని 41తో గుణించాలి, 2,501 వస్తుంది. పెరిగినది 101, కానీ రెండు పట్టీల మొత్తం 100 మాత్రమే. మిగిలిన ఆ ఒక్క చదరపు అడుగు మూలన ఉన్న చిన్న ముక్క.

ఈ మూల ముక్కను తేలిగ్గా వదిలేయకండి, బహుచర కలనంలోని ముఖ్యమైన ఆలోచన అందులోనే ఉంది. అడుగుకు బదులు ఒక్క అంగుళం చొప్పున పెంచి చూడండి. రెండు పట్టీలూ కలిసి సుమారు 8.33 చదరపు అడుగులు వస్తాయి, మూల ముక్క ఒక చదరపు అంగుళం, అంటే చదరపు అడుగులో 144వ వంతు. అడుగు పెంచినప్పుడు పట్టీలు మూల ముక్కకు 100 రెట్లు ఉన్నాయి, అంగుళం పెంచినప్పుడు 1,200 రెట్లు అయ్యాయి. పెంపు చిన్నదయ్యే కొద్దీ మూల ముక్క పట్టీల కన్నా ఎంతో వేగంగా అదృశ్యమవుతోంది. సంపూర్ణ అవకలనం అంటే ఆ పట్టీల మొత్తం. ప్రమేయం అవకలనీయం అనడానికి అర్థం, మిగిలిన ముక్కలు ఆ పెంపు కన్నా వేగంగా సున్నాకు చేరుతాయని. ఈ ఒక్క బొమ్మను గుర్తుంచుకున్నవారికి శృంఖల నియమం కంఠస్థం చేయాల్సిన చెట్టు బొమ్మలా కాకుండా, ఏ మార్పు ఏ పట్టీ ద్వారా వచ్చిందో కూడి చెప్పే లెక్కలా కనిపిస్తుంది.

ఇక్కడి నుంచే మరో నియమం పెట్టుకోండి. ఏ సమాధానం వచ్చినా దాని ప్రమాణాన్ని పక్కన రాసి, ఆ సంఖ్య చెబుతున్న సంగతిని తెలుగులో ఒక పూర్తి వాక్యంగా రాయాలి. "ఈ బిందువు దగ్గర వెడల్పు మార్చకుండా పొడవు అడుగు పెంచితే వైశాల్యం సుమారు 40 చదరపు అడుగులు పెరుగుతుంది" అన్నది అటువంటి వాక్యం. "మార్చకుండా" అనే మాట అందులో లేకపోతే పాక్షిక అవకలజం అర్థం కానట్టే లెక్క.

కాంటూరు కందకం దగ్గర గ్రేడియంట్

ఉపాధి హామీ పనుల్లోనూ, వాటర్‌షెడ్ పథకాల్లోనూ కొండవాలుల మీద కాంటూరు కందకాలు తవ్వుతారు. ఒకే ఎత్తులో ఉన్న బిందువులను గుర్తించడానికి ఇంగ్లీషు 'ఏ' (A) అక్షరం ఆకారంలో కర్రలు కట్టి, పైకొన నుంచి రాయి కట్టిన తాడు వేలాడదీసిన చట్రాన్ని వాడే పద్ధతి ఒకటి ఉంది. ఒక కాలును నేల మీద కదలకుండా ఉంచి రెండో కాలును అటూ ఇటూ తిప్పుతూ, తాడు సరిగ్గా అడ్డకర్ర మధ్య గుర్తు మీదికి వచ్చిన చోట ఆగుతారు. అప్పుడు రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. అక్కడ గుర్తు పెట్టి, చట్రాన్ని ముందుకు తిప్పి, మళ్లీ అదే పని చేస్తారు. కలనగణితం మాటల్లో చెబితే, ఆ పనివారు ప్రతి అడుగులోనూ ఎత్తు యొక్క దిశా అవకలజం సున్నా అయ్యే దిక్కును వెతుకుతున్నారు, ఆ దిక్కులను కలుపుకుంటూ పోయి సమోన్నత రేఖను, అంటే కాంటూరు రేఖను, నేల మీద గీస్తున్నారు.

వాననీరు ఆ రేఖకు లంబంగా కిందికి పారుతుంది, అందువల్లనే రేఖ వెంబడి తవ్విన కందకం నీటిని అడ్డగించి ఆపగలుగుతుంది. నీరు పారే దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కు గ్రేడియంట్. గ్రేడియంట్ సమోన్నత రేఖకు లంబంగా ఉంటుందన్న సిద్ధాంతాన్ని నిరూపణతో సహా అప్పజెప్పగలిగి కూడా, కందకం ఎందుకు ఆ వాటంలో ఉందో చెప్పలేని విద్యార్థులు ఉన్నారు. వారిలో కొందరి సొంత ఊళ్లలోనే ఆ కందకాలు ఉన్నాయి.

దీనిని కాగితం మీదికి తేవడానికి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు మంచి సాధనం. 1:50,000 స్కేలు పటంలో ఒక సెంటీమీటరు 500 మీటర్లకు సమానం. కాంటూరు రేఖల మధ్య ఎత్తు తేడా మామూలుగా 20 మీటర్లు ఉంటుంది. మీకు దగ్గరలోని గుట్టలున్న పటం తీసుకొని ఒక బిందువును ఎంచుకోండి. అక్కడ పక్కపక్క రేఖల మధ్య దూరం 2 మిల్లీమీటర్లయితే నేల మీద అది 100 మీటర్లు, వాలు 0.2. ఒక సెంటీమీటరయితే వాలు 0.04. రేఖకు లంబంగా, ఎత్తు పెరిగే వైపు, ఆ వాలుకు తగిన పొడవుతో బాణం గీయండి. పది బిందువుల దగ్గర ఇలా పది బాణాలు గీస్తే, ఒక్క సూత్రం కూడా వాడకుండా మీరు గ్రేడియంట్ క్షేత్రాన్ని గీసినట్టే. ఆ బాణాలు పటం మీద పడుకొని ఉన్నాయని, కొండ మీది గాలిలో నిలబడి లేవని ప్రత్యేకంగా గమనించండి. గ్రేడియంట్‌ను ఉపరితలాన్ని అంటి పైకి పోయే సదిశగా ఊహించడం చాలా విస్తారంగా ఉన్న పొరపాటు.

ఇప్పుడు సూత్రంతో ఒక గుట్ట తీసుకుందాం. ఎక్స్, వైలను వందల మీటర్లలోనూ, ఎత్తును మీటర్లలోనూ కొలిచినప్పుడు ఎత్తు = 200 − ఎక్స్² − 4వై² అనుకోండి. (2, 1) బిందువు దగ్గర ఎత్తు 192 మీటర్లు, రెండు పాక్షిక అవకలజాల జత అయిన గ్రేడియంట్ (−4, −8). దాని పరిమాణం 80 యొక్క వర్గమూలం, అంటే ప్రతి వంద మీటర్లకు సుమారు 8.94 మీటర్ల ఎక్కుడు. (2, −1) దిక్కున నడిస్తే −8, +8 కలిసి సున్నా అవుతాయి. అది కందకం వాటం. ఈ రెండు భాగాలను కూడటం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, స్థలం ఉదాహరణలోని పట్టీలనే గుర్తు చేసుకోవాలి: ఎక్స్ వైపు వేసిన అడుగు వల్ల ఒక మార్పు, వై వైపు వేసిన అడుగు వల్ల మరో మార్పు, మూల ముక్క లెక్కలోకి రాదు.

ఇదే గుట్ట మీద ఇంకో ప్రశ్న వేసుకోండి. అన్నిటికన్నా నిటారుగా ఎక్కే దిక్కు శిఖరం వైపు చూపుతుందా? శిఖరం (0, 0) దగ్గర ఉంది. (2, 1) నుంచి దాని వైపు దిక్కు (−2, −1). గ్రేడియంట్ దిక్కు మాత్రం (−1, −2). రెండూ ఒకటి కావు. కాంటూరు రేఖలు దీర్ఘవృత్తాలు కావడం వల్ల నిటారు దారి మొదట శిఖరానికి పక్కగా పోయి, క్రమంగా దాని వైపు వంగుతుంది. గ్రేడియంట్‌కు తన కాలి కింది నేల మాత్రమే తెలుసు, శిఖరం ఎక్కడుందో తెలియదు. మెషీన్ లెర్నింగ్ చదవబోయేవారు ఈ ఒక్క విషయాన్ని ఇప్పుడే మనసుకు పట్టించుకుంటే ఆ తర్వాత చాలా శ్రమ తగ్గుతుంది.

కొన్ని దారులు చూసి తీర్పు చెప్పకూడదు

నిర్వచనం ఒకటి, దానిని విన్నాక మనసులో పేరుకొనే భావచిత్రం మరొకటి అని 1981లో డేవిడ్ టాల్, ష్లోమో విన్నర్ అవధులనూ అవిచ్ఛిన్నతనూ తీసుకొని వివరించారు. లెక్క ఎదురైనప్పుడు మనం తడుముకొనేది సాధారణంగా భావచిత్రాన్నే. ఎడమ అవధి, కుడి అవధి సమానమైతే అవధి ఉన్నట్టే అన్నది ఇంటర్‌లో స్థిరపడిన చిత్రం. అది తలం మీదికి వచ్చేసరికి, నాలుగు దారుల్లో వెళ్లాను, ఒకే విలువ వచ్చింది, కనుక అవధి ఉంది అనే వాక్యంగా మారి జవాబు పత్రాల్లో కనిపిస్తుంది.

ఈ చిత్రాన్ని చెరపడానికి ఉపదేశం పనిచేయదు, అది కూలిపోయే ఉదాహరణను సొంతంగా లెక్కగట్టాలి. ఎక్స్²·వై / (ఎక్స్⁴ + వై²) అనే ప్రమేయాన్ని మూలబిందువు దగ్గర పరిశీలించండి. వై = ఎమ్·ఎక్స్ అనే ఏ సరళరేఖ వెంట వచ్చినా విలువ సున్నాకే చేరుతుంది; అక్షాల వెంట వచ్చినా అంతే. దిక్కులన్నీ అయిపోయాయి కదా అనిపించే సమయంలో వై = ఎక్స్² అనే పరావలయం వెంట రండి. లవంలో ఎక్స్⁴, హారంలో 2ఎక్స్⁴, విలువ ఎప్పుడూ 1/2. కాబట్టి అవధి లేదు. దారులు వెతకడం అవధి లేదని చెప్పడానికి మాత్రమే సరిపోతుంది. ఉందని చెప్పాలంటే దారి ప్రసక్తి లేకుండా హద్దు కట్టాలి. ఎక్స్²·వై / (ఎక్స్² + వై²) విషయంలో ఎక్స్² / (ఎక్స్² + వై²) ఎప్పుడూ 1 కన్నా ఎక్కువ కాదు కనుక, ప్రమేయపు పరమమూల్యం వై పరమమూల్యాన్ని దాటదు. ఎటునుంచి ఎలా వచ్చినా అది సున్నాకు చేరక తప్పదు.

ఎక్స్·వై / (ఎక్స్² + వై²) కు మూలబిందువు దగ్గర సున్నా విలువ ఇచ్చి చూస్తే ఇంకో పాఠం ఉంది. రెండు పాక్షిక అవకలజాలూ అక్కడ ఉన్నాయి, రెండూ సున్నా. అయినా వై = ఎక్స్ వెంట ప్రమేయం విలువ 1/2 కనుక అది అక్కడ అవిచ్ఛిన్నం కూడా కాదు. ప్లస్ గుర్తులా పరిచిన రెండు తీగలు వాటి మధ్య పరచాల్సిన రేకు గురించి ఏమీ చెప్పలేవు. పాక్షిక అవకలజాలు ఆ చుట్టుపక్కల అంతటా ఉండి, అవి అవిచ్ఛిన్నంగా కూడా ఉంటే స్పర్శతలం సరిగ్గా అతుకుతుందన్న సిద్ధాంతం అవసరమైనది ఇందుకే.

కనుమలు

గరిష్ఠ కనిష్ఠాల పాఠంలో వచ్చే శాడిల్ పాయింట్‌ను పుస్తకాలు గుర్రపు జీనుతో పోలుస్తాయి. జీను ఎక్కినవారు మన తరగతుల్లో అరుదు; మనకు అంతకన్నా మంచి మాట కనుమ ఉంది. రెండు కొండల నడుమ కనుమలో నిలబడితే, లోయ నుంచి లోయకు పోయే దారిలో అది అన్నిటికన్నా ఎత్తైన చోటు, శిఖరం నుంచి శిఖరానికి పోయే దారిలో అన్నిటికన్నా పల్లపు చోటు.

రెండు అక్షాల వెంట కనిష్ఠం ఉంటే చాలదా అన్న సందేహం వస్తే ఎక్స్² + వై² + 3ఎక్స్·వై ని చూడండి. ఎక్స్ అక్షం వెంట ఎక్స్², వై అక్షం వెంట వై², రెండింటిలోనూ మూలబిందువు కనిష్ఠం. కానీ వై = −ఎక్స్ వెంట నడిస్తే −ఎక్స్² వస్తుంది, అటు నేల దిగిపోతోంది. రెండో అవకలజాల పరీక్షలో మిశ్రమ అవకలజపు వర్గాన్ని తీసివేసేది అక్షాలకు కనపడని ఈ మూల దిక్కుల కోసమే; ఇక్కడ 2 × 2 − 3² = −5, రుణాత్మకం, కనుక అది కనుమ. పరీక్ష ఫలితం సున్నా వస్తే సరళరేఖలను కూడా నమ్మలేం. (వై − ఎక్స్²)(వై − 2ఎక్స్²) అనే ప్రమేయం ఇటలీ గణితవేత్త పెయానో పేరుతో ప్రసిద్ధి. మూలబిందువు గుండా పోయే ఏ సరళరేఖ వెంట చూసినా అక్కడ కనిష్ఠమే కనిపిస్తుంది, కానీ రెండు పరావలయాల మధ్యనున్న సన్నని చీలికలో విలువలు రుణాత్మకం.

నిబంధనతో కూడిన గరిష్ఠాలకు లగ్రాంజ్ గుణకాల పద్ధతిని కూడా కొండ మీదే అర్థం చేసుకోవచ్చు. కొండ మీద వేసిన రోడ్డు కాంటూరు రేఖను దాటుతున్నంతసేపూ మీరు ఎక్కుతూనో దిగుతూనో ఉంటారు. రోడ్డు అత్యున్నత స్థానంలో అది రేఖను దాటకుండా ఒరుసుకొని పోతుంది, అప్పుడు ఎత్తు గ్రేడియంట్, రోడ్డును నిర్ణయించే నిబంధన గ్రేడియంట్ ఒకే గీత మీదికి వస్తాయి; మొదటిది రెండోదానికి ఎన్ని రెట్లో చెప్పేదే గుణకం. గుణకానికి కూడా అర్థం ఉంది. 200 మీటర్ల కంచెతో దీర్ఘచతురస్రం కడితే గరిష్ఠ వైశాల్యం 2,500 చదరపు మీటర్లు, గుణకం 25. కంచె ఇంకో మీటరు దొరికితే వైశాల్యం ఎంత పెరుగుతుందో ముందుగానే అది చెబుతోంది. లెక్కించి చూస్తే పెరుగుదల 25.06 వస్తుంది.

టీఎంసీల్లో ద్వి సమాకలనం

సమాకలనం అంటే వక్రం కింది వైశాల్యం అన్న చిత్రం కూడా ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. చిన్న చిన్న ముక్కలను వాటి విలువలతో గుణించి కూడటం అన్న చిత్రం తెచ్చుకోండి. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 1,000 ఘనపు మీటర్ల నీరు. ఒక టీఎంసీ సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. అంటే వెయ్యి చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం మీద సమానంగా 28.3 మిల్లీమీటర్లు కురిస్తే ఒక టీఎంసీ కురిసినట్టు. వాన అన్నిచోట్లా సమానంగా పడదు కనుక ప్రాంతాన్ని గళ్లుగా విడదీసి, గడి వైశాల్యాన్ని అక్కడి వానతో గుణించి కూడాలి. గళ్లు చిన్నవయ్యే కొద్దీ ఆ మొత్తం చేరేదే ద్వి సమాకలనం.

గళ్లను నిలువు పట్టీలుగా కూడినా అడ్డ పట్టీలుగా కూడినా నీరు అంతే ఉంటుంది. సమాకలన క్రమం మార్చడంలో ఉన్నది ఇదే, కానీ అవధులను మార్చడానికి ప్రాంతం బొమ్మ గీయక తప్పదు. ఎక్స్ 0 నుంచి 1 వరకు, వై ఎక్స్ నుంచి 1 వరకు ఉన్న త్రిభుజం మీద సహజ సంవర్గమానాల ఆధారమైన 'ఈ' (e) యొక్క వై² ఘాతాన్ని సమాకలనం చేయమన్న లెక్కలో, ముందు వై దృష్ట్యా చేయబోతే తెలిసిన ప్రమేయాలతో ముందుకు పోలేరు. అడ్డ పట్టీలకు మారితే ఎక్స్ 0 నుంచి వై వరకు పోతుంది, లోపల ఒక వై అదనంగా వచ్చి లెక్క తేలిపోతుంది. సమాధానం (ఈ − 1)/2, సుమారు 0.859. బొమ్మ లేకుండా అవధులను తారుమారు చేసి రాసినవారికి అవధుల్లోనే చరరాశి మిగిలిపోయి సమాధానంగా సంఖ్య రాదు, తప్పు అక్కడే బయటపడుతుంది.

ధ్రువ నిరూపకాల్లో అదనంగా ఆర్ (కేంద్రం నుంచి దూరం) ఎందుకు వస్తుందో బండి చక్రం చెబుతుంది. రెండు ఆకుల మధ్య ఎడం కుండ దగ్గర తక్కువ, కమ్మీ దగ్గర ఎక్కువ. కోణంలో అదే మార్పుకు నేల మీద వచ్చే వెడల్పు ఆర్ కు అనుపాతంలో పెరుగుతుంది, కనుక చిన్న ముక్క వైశాల్యంలో ఆర్ చేరక తప్పదు. జాకోబియన్ అంటే ఈ సవరణకే సాధారణ రూపం.

పొలం గట్ల మీద గ్రీన్ సిద్ధాంతం

సదిశ కలనం మొదలయ్యాక సూత్రాలు ఒక్కసారిగా మీద పడతాయి. ఒక చోట ప్రవాహం చిన్న వస్తువును దాని చుట్టూ అది ఎంత తిరిగేలా చేస్తుందో కొలిచేది కర్ల్; దానిని ప్రవాహం గుండ్రంగా తిరగడమని చాలామంది అనుకుంటారు. తిన్నగా పారే కాలువలో ఒడ్డు దగ్గర రెండు గడ్డిపరకలను ప్లస్ ఆకారంలో ముడివేసి వదలండి. నడిమి వైపు నీటి వేగం ఎక్కువ, ఒడ్డు వైపు తక్కువ, కనుక పరకలు ముందుకు పోతూనే తమ చుట్టూ తాము తిరుగుతాయి. ప్రవాహం తిన్ననిదే అయినా కర్ల్ సున్నా కాదు. కర్ల్ కూడా గ్రేడియంట్ లాగే కాలి కింది నేల మాటే చెబుతుంది.

చోటు చోటునా ఉన్న ఈ చిన్న భ్రమణాలకూ ఒక పెద్ద వలయం చుట్టూ తిరిగి వచ్చే ప్రసరణకూ ఉన్న సంబంధమే గ్రీన్ సిద్ధాంతం. జార్జ్ గ్రీన్ వ్యాసం 1828 నాటిది. దానిని వక్రతలాల మీదికి తీసుకుపోయిన స్టోక్స్ సిద్ధాంతం 1854లో కేంబ్రిడ్జ్‌లో స్మిత్ బహుమతి పరీక్షలో ప్రశ్నగా వచ్చింది, ఆ పరీక్ష రాసినవారిలో మాక్స్‌వెల్ ఉన్నాడు. మన విద్యార్థులకు ఈ సంగతి చెబితే కొంత ఊరటగా ఉంటుంది.

సిద్ధాంతాన్ని చూడటానికి పక్కపక్కన ఉన్న మళ్లను ఊహించుకోండి. ప్రతి రైతూ తన మడి చుట్టూ గట్టు మీద అపసవ్య దిశలో ఒకసారి నడుస్తూ, దారి పొడవునా సదిశ క్షేత్రం, అంటే ప్రతి చోటా ఉన్న బాణాల సమూహం, తనను ముందుకు ఎంత తోసిందో లెక్క రాసుకుంటాడు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న గట్టు మీద ఒకరు తూర్పుకు నడిస్తే మరొకరు పడమటికి నడుస్తారు, కనుక ఆ రెండు లెక్కలూ కొట్టివేసుకుంటాయి. అందరి లెక్కలూ కూడితే మిగిలేది ఊరి పొలిమేర చుట్టూ నడిచిన లెక్క మాత్రమే. ఒక్కొక్క మడి లెక్క సుమారుగా ఆ మడిలోని కర్ల్‌ను దాని వైశాల్యంతో గుణించినంత. నాలుగు గళ్లు గీసి బాణాలు వేసి, కొట్టివేతలను స్వయంగా పెన్సిలుతో గుర్తించినవారికి తర్వాత స్టోక్స్, గాస్ సిద్ధాంతాలు కొత్తగా అనిపించవు.

ఆ తర్వాత ఈ లెక్క చేయండి. (−వై / (ఎక్స్² + వై²), ఎక్స్ / (ఎక్స్² + వై²)) అనే క్షేత్రపు కర్ల్ కనుక్కుంటే మూలబిందువు తప్ప అంతటా సున్నా వస్తుంది. మూలబిందువు చుట్టూ ఒకటి వ్యాసార్ధంతో ఉన్న వృత్తం మీద ప్రసరణ లెక్కిస్తే 2π వస్తుంది. వ్యాసార్ధాన్ని పది చేసి చూడండి, మళ్లీ 2π. రెండు వృత్తాల మధ్యనున్న మళ్లన్నీ సున్నాయే రాసుకున్నాయి. లెక్కకు అందనిది మూలబిందువు ఉన్న ఆ ఒక్క మడి. అక్కడ క్షేత్రానికి విలువే లేదు, ఆ మడిని ఎంత చిన్నది చేసినా దాని గట్టు మీద నడిచిన రైతు 2π రాసుకొనే వస్తాడు.